నరంలో పెట్టిన క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) 72 గంటలు దాటితే మార్చాల్సిందేనా? మీ వార్డుల్లో ఎలా?

కొత్త_సిస్టర్: మా దగ్గర 72 గంటలు దాటితే క్యాన్యులా పీకేసి కొత్తది పెట్టాల్సిందే. నిన్న ఒక ముసలమ్మకి నరం దొరక్క రెండు చేతులూ పొడిచాం. తీసేసిన పాతది చక్కగా నడుస్తోంది! ఎర్రదనం, వాపు, నొప్పి ఉంటేనే మార్చాలని చదివాం కదా. ఇన్‌చార్జ్ మేడమ్‌ని ఎవరైనా ఒప్పించారా? ప్రాజెక్టుకి ఈ టాపిక్ పనికొస్తుందా?

వనజ_నైట్‌డ్యూటీ: ఒప్పించడమా? నేనడిగితే "నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నా" అన్నారు. వార్డు నిండా పేషెంట్లు, రాత్రికి ఇద్దరం. యాంటీబయాటిక్స్ ఇచ్చేసరికే తెల్లారుతుంది. ఎవిడెన్స్ ఎప్పుడు వెతకాలమ్మా?

లీడ్స్_లత: 2012లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మూడు ఆసుపత్రులు, 3,283 మంది. మూడో రోజు మార్చినా, అవసరమైతేనే మార్చినా ఫ్లెబైటిస్ (నరం వాపు) 7 శాతమే. ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టండి. యూకేలో మేం ఇలాంటివి ఎప్పుడో మానేశాం. అక్కడ ఇంకా ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్‌లోకి గాలి కొట్టి స్టెత్‌తో వింటున్నారట!

కర్నూలు_బ్రదర్: వింటే తప్పేంటి మేడమ్? పదిహేనేళ్ళ సర్వీసు నాది. బుడబుడమంటే కడుపులో ఉన్నట్టే. ఫ్లైట్ ఎక్కగానే ఇక్కడివాళ్ళంతా మొద్దులైపోయారా?

లీడ్స్_లత: ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు పొట్ట మీద వినబడుతుంది బ్రదర్. ఫీడ్ పోశాక గానీ తెలియదు. లోపలి ద్రవం లాగి పీహెచ్ (యాసిడ్ ఎంతుందో చెప్పే అంకె) చూడాలి, 5.5 లేదా అంతకు తక్కువ రావాలి. రాకపోతే ఎక్స్‌రే. ఇక్కడ తప్పు చోట ఉన్న ట్యూబ్‌లో ఫీడ్ ఇస్తే అది 'నెవర్ ఈవెంట్', అంటే ఎప్పుడూ జరగకూడని తప్పు, విచారణే.

కర్నూలు_బ్రదర్: పీహెచ్ స్ట్రిప్స్‌కి ఇండెంట్ పెడితే స్టోర్ నుంచి అంకె చెప్పని లిట్మస్ పేపర్ వచ్చింది. పైగా వార్డులో అందరికీ యాసిడ్ తగ్గించే పాంటాప్ ఎక్కిస్తున్నాం. యాసిడ్డే లేకపోతే మీ స్ట్రిప్ ఏం చూపిస్తుంది?

వనజ_నైట్‌డ్యూటీ: భలే అడిగారు బ్రదర్ 👏

ట్యూటర్_మేడమ్: ఎమ్మెస్సీ నర్సింగ్ (మెడికల్-సర్జికల్) నాది, రోజూ పిల్లలకి చెప్పేదే ఇది. పాంటాప్ మీద ఉంటే పీహెచ్ పెరగొచ్చు, నిజమే. అప్పుడు ఎక్స్‌రేకి పంపాలి, గాలి కొట్టమని కాదు. ముక్కు దగ్గర ట్యూబ్ ఎన్ని సెంటీమీటర్ల దగ్గరుందో చార్ట్‌లో రాసి, ప్రతి ఫీడ్‌కి ముందు సరిచూడండి. దానికి స్టోర్‌తో పని లేదు.

లతా, మీరు ఒక్క పేపర్ చూపించి వదిలేశారు. జెనీవాలో 96 గంటలకోసారి మార్చే రూల్ తీసేశాక క్యాన్యులా వల్ల రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి, రూల్ మళ్ళీ పెట్టాక తగ్గాయి. 2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్ జర్నల్‌లో ఉంది. 'అవసరమైతేనే' అనాలంటే షిఫ్టుకోసారైనా ఆ చోటు చూసేవాళ్ళుండాలి. తెల్ల ప్లాస్టర్ చుట్టేసిన క్యాన్యులా కింద ఎర్రబడిందో లేదో ఎలా తెలుస్తుంది? కొత్త_సిస్టర్, ముందు మీ వార్డులో ఎన్ని క్యాన్యులాల మీద పెట్టిన తేదీ ఉందో లెక్క తీయండి. ప్రాజెక్టు అదే. ఆ కాగితం చూపిస్తే ఏ ఇన్‌చార్జ్ అయినా కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

లీడ్స్_లత: మా దగ్గర షిఫ్టుకోసారి క్యాన్యులా చోటు చూసి స్కోర్ రాస్తాం కాబట్టే చెప్పాను. అది అందరికీ తెలుసనుకున్నా.

వనజ_నైట్‌డ్యూటీ: బెడ్‌సోర్ రాకుండా గ్లవ్‌లో నీళ్ళు నింపి మడమ కింద పెడతాం కదా, అదీ తప్పేనా ఇప్పుడు?

ట్యూటర్_మేడమ్: వద్దమ్మా. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడు. ఎర్రబడిన చోట మసాజ్ కూడా చేయకు.

వనజ_నైట్‌డ్యూటీ: దిండ్లు ఎక్కడున్నాయి మేడమ్? అటెండర్ల తల కింద ఉన్నాయి.

కర్నూలు_బ్రదర్: మేడమ్, ఇండెంట్‌లో ఏమని రాయమంటారు?

ట్యూటర్_మేడమ్: 'పీహెచ్ ఇండికేటర్ స్ట్రిప్స్, 0.5 తేడా చూపించేవి, లిట్మస్ కాదు' అని రాయండి.

కర్నూలు_బ్రదర్: రాశాను. సంతకం పెట్టాల్సినాయన సోమవారం దాకా సెలవు.