పాత స్టీల్ రోడ్ సైకిల్: కుడివైపు కప్పు ఊడి రావడం లేదు, సాయం చేయండి

మొండిచైన్:
పొద్దున్నుంచి ఒక్క చోటే ఆగిపోయాను. పాత స్టీల్ రోడ్ సైకిల్‌ని మళ్లీ తొక్కే స్థితికి తెద్దామని మొత్తం విప్పుతున్నాను. బ్రేకులు, గేర్లు, ఫోర్కు, క్రాంకులు (పెడళ్లు బిగించే చేతులు) అన్నీ వచ్చేశాయి. బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంకుల ఇరుసు తిరిగే చోట, రెండు పక్కలా మరతో బిగించే గిన్నెల్లాంటి కప్పులుంటాయి కదా, వాటిలో ఎడమది లాక్‌రింగు తీసి మామూలుగా తిప్పగానే సులువుగా వచ్చింది. ఇరుసు లాగి చూస్తే లోపల గ్రీజు ఎండిపోయి నల్ల మైనంలా గడ్డకట్టి ఉంది. కుడి కప్పు మాత్రం వెంట్రుకవాసి కదలడం లేదు. తుప్పు వదిలించే నూనె రాత్రే కొట్టి ఉంచాను. స్పానర్‌కి పొడుగాటి పైపు తొడిగి ఒంట్లో ఉన్న బరువంతా వేశాను. స్పానర్ జారి కప్పు అంచులు అరగడం మొదలైంది, వేలు చీరుకుపోయింది. ఇక కోసేయడమేనా? చేసి చూసినవాళ్లు చెప్పండి, విసిగిపోయాను.

కొలతముఖ్యం:
ఏ సైకిల్? ఎటు తిప్పుతున్నావు? షెల్ (కప్పులు బిగించే అడ్డ గొట్టం) వెడల్పెంత?

అసలురంగు:
కప్పు సంగతి తర్వాత, ముందు ఒక్క మాట. "మళ్లీ తొక్కే స్థితికి" అన్నారు, అంటే రంగు కూడా వేయిస్తారేమోనని భయంగా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యాక్టరీలో వేసిన రంగు, స్టిక్కర్లు ఒకసారి పోతే మళ్లీ రావు. మంచి ఫ్రేముల గొట్టాలు చాలా పల్చన. ఇటలీ గొట్టాల కంపెనీ కొలంబస్ వాళ్ల ఎస్‌ఎల్ రకంలో పై గొట్టం చివర్లలో 0.9 మి.మీ., మధ్యలో 0.6 మి.మీ. మాత్రమే. అలాంటి దాన్ని తీసుకెళ్లి ఇసుకతో గట్టిగా కొట్టిస్తే ఏం మిగులుతుంది? గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ, ఆరాక మైనం పాలిష్. గీతలు గీతలుగానే ఉండనివ్వండి. క్రోమ్ మీది తుప్పుని మాత్రం నలిపిన అల్యూమినియం రేకు నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే పోతుంది.

మొండిచైన్:
రంగు గురించి నేను అడగలేదండీ. ఎటు తిప్పాలో తెలుసు, కుడి కప్పుకి మరలు తిరగేసి ఉంటాయి కదా, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పుతున్నాను. చూసిన వీడియోలన్నింట్లోనూ అదే చెప్పారు.

పానాబాబాయ్:
బాబూ, ముందు ఆ పైపు పక్కన పెట్టు. వీడియోల్లో చెప్పేది ఇంగ్లిష్ మరల సంగతి. వాటికి కుడి కప్పు ఎడమ మర, అంటే తిరగేసిన మర, నువ్వు తిప్పే వైపే ఊడుతుంది. ఇటాలియన్ మరలైతే రెండు కప్పులూ మామూలు కుడి మరే. అప్పుడు నువ్వు పొద్దున్నుంచీ దాన్ని ఇంకా బిగిస్తున్నట్టు. సైకిల్ కుడివైపు నిలబడి, గడియారానికి ఎదురు తిప్పాలి. ఫ్రేమ్ ఎక్కడిదో చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

కొండదారి:
ఎడమ కప్పు మామూలుగా తిప్పితే వచ్చిందన్నారు కాబట్టి ఇంగ్లిష్ మరలే అయ్యుంటాయి అనుకుంటా.

కొలతముఖ్యం:
తప్పు. ఎడమ కప్పు రెండింట్లోనూ కుడి మరే. దాన్నిబట్టి ఏమీ తెలియదు. షెల్ కొలవండి. 68 మి.మీ. అయితే ఇంగ్లిష్, 70 అయితే ఇటాలియన్.

మొండిచైన్:
ఇటాలియన్ సైకిలే కదా, సీటు గొట్టం మీద కొలంబస్ స్టిక్కర్ ఉంది. ఆ మాట వేరే చెప్పాలనుకోలేదు. స్కేలుతో కొలిస్తే 7 సెంటీమీటర్లకి అటూ ఇటూగా వస్తోంది.

కొలతముఖ్యం:
ఆ స్టిక్కర్ గొట్టాలు చేసిన కంపెనీది. ఫ్రేమ్ ఎక్కడ అతికారో దాన్నిబట్టి తెలియదు. 2 మి.మీ. తేడా పట్టుకోవాలంటే సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కావాలి, స్కేలు కాదు.

అసలురంగు:
కొలంబస్ గొట్టాలు, ఇటాలియన్ కోణాలు, ఇటాలియన్ లగ్గులు (గొట్టాలు కలిసే చోట తొడుగులు) ఉంటే అది ఇటాలియన్ సైకిల్ కాకపోతే ఇంకేమిటి? ఎక్కడ అతికారన్నదే చూస్తే ఎలా?

కొలతముఖ్యం:
ఎలా కనిపిస్తుందో అడగలేదు. కప్పు మీద మర ఏదో అడిగాను. ఇటాలియన్ మర అంటే 36 మి.మీ. వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. ఇంగ్లిష్ 1.370 అంగుళాలు, అదే 24 చుట్లు. ఫ్రేమ్ అందం చూసి మర తెలియదు.

పానాబాబాయ్:
ఇద్దరూ ఆగండి. ఇటలీ తరహాలో చేసిన ఫ్రేములు చాలా దేశాల్లో చేశారు, అందులో ఇంగ్లిష్ మర ఉన్నవీ ఉన్నాయి. 68 అయితే ఇంగ్లిష్ అని తేల్చేయడమూ కుదరదు. పాత ఫ్రెంచి ఫ్రేములూ 68లోనే ఉంటాయి, వాటిలోనూ రెండు వైపులా కుడి మరే. ఇంకోటి, ఇంగ్లిష్ మర పాడైపోతే షెల్‌ని 36కి కోసి ఇటాలియన్ కప్పులు బిగించేవాళ్లున్నారు. అందుకని కప్పు ముఖం శుభ్రంగా తుడిచి చూడు. క్రాంక్ వెనక పేరుకున్న మురికి కింద అంకెలు చెక్కి ఉంటాయి. 36 × 24 అని ఉంటే ఇటాలియన్. 1.370 అని ఉంటే ఇంగ్లిష్.

కొండదారి:
రెండు కప్పులూ ఒకే వైపు మర పెట్టడం ఎందుకు? ఇంగ్లిష్ వాళ్లు మార్చారంటే ఏదో కారణం ఉండాలిగా.

పానాబాబాయ్:
మంచి ప్రశ్న. తొక్కేటప్పుడు కుడివైపు నుంచి చూస్తే ఇరుసు సవ్యదిశలో తిరుగుతుంది. దానికీ కప్పుకీ మధ్య దొర్లే బాల్స్ కప్పుని నెమ్మదిగా ఎదురు దిశలో జరుపుతుంటాయి. కుడి మర అయితే అది ఊడే వైపే. ఇంగ్లిష్ వాళ్లు కుడి కప్పుకి ఎడమ మర పెట్టింది అందుకే. ఇటాలియన్ కప్పుని మాత్రం గట్టి బిగింపు మీదే నిలబెట్టాలి. సరిగా బిగించకపోతే దూరం వెళ్లాక కుడి కప్పు వదులై గేర్లన్నీ అటూ ఇటూ ఊగుతాయి.

కొండదారి:
ఈ సైకిల్ ఏ ఏడాదిది? 1987కి ముందుదైతే ఎరోయికాలో, అంటే పాత సైకిళ్ల మీద తొక్కే ఇటలీ ఈవెంట్‌లో, కూడా తొక్కొచ్చు. 1997లో టస్కనీలోని గయోలే ఇన్ కియాంతి ఊళ్లో మొదలైంది. గేరు లివర్లు కింది గొట్టం మీద ఉండాలి, బ్రేకు కేబుళ్లు హ్యాండిల్ బయట నుంచి రావాలి, పెడళ్లకి పట్టీలుండాలి. తెల్ల కంకర బాటల మీద పోవాలంటే ముందరి చిన్న పళ్లచక్రం 42 పళ్లు, వెనక పెద్దది 26 ఉన్నా ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. గేర్లు ఇప్పుడే ఆలోచించుకోండి.

అసలురంగు:
అసలు భాగాలు తీసేసి తేలిక గేర్లు పెడితే ఇక పాత సైకిల్ ఎందుకు?

కొండదారి:
గోడకి తగిలించుకుంటే రంగు చాలు. తొక్కాలంటే మోకాళ్లు కావాలి. నేను తొక్కేవాణ్ణి.

మొండిచైన్:
కప్పు ఊడుతుందా లేదా ఎవరైనా చెప్తారా? అంచులు అరిగాయి, స్పానర్ పట్టడం లేదు. వేడి చేయమని ఒకరన్నారు.

అసలురంగు:
మంట పెట్టకండి! రంగు పోతుంది.

పానాబాబాయ్:
వేడి అక్కర్లేదు. ఎడమ కప్పు, ఇరుసు తీసేశావు కాబట్టి నీ పని సులువే. గట్టి బోల్టు, నట్టు, మందపాటి వాషర్లు తెచ్చుకో. బోల్టు తల లోపలికి, నట్టు బయటికి ఉండేలా కప్పు రంధ్రంలోంచి దూర్చు. రెండు వైపులా వాషర్లు వేసి, కప్పుని మధ్యలో నొక్కిపట్టేలా బిగించు. లోపలి వాషర్ బాల్స్ తిరిగే గాడిని గీకకూడదు, అది చూసుకో. తర్వాత పొడుగు ఎక్స్‌టెన్షన్ పెట్టిన సాకెట్ ఎడమవైపు రంధ్రంలోంచి దూర్చి బోల్టు తలని సవ్యదిశలో తిప్పు. బోల్టు ఇంకా ఇంకా బిగిసి, చివరికి కప్పునే లాగుతుంది. ఎడమ నుంచి సవ్యదిశ అంటే కుడి నుంచి ఎదురు దిశే. ఇటాలియన్ కప్పుకి మాత్రమే ఇది, అంకెలు చూశాకే చెయ్యి.

కొలతముఖ్యం:
బెంచీ వైస్ ఉంటే ఇంకా సులువు. కప్పు అంచుల్ని వైస్‌లో బిగించి, ఫ్రేమ్‌ని పై నుంచి గడియారానికి ఎదురు తిప్పాలి. ఫ్రేమే మీ లివర్.

మొండిచైన్:
వచ్చింది. మురికి గీకితే 36 × 24 కనబడింది. బోల్టు పద్ధతిలోనే. టక్ మని పెద్ద శబ్దం, తర్వాత వేళ్లతో తిరిగింది. వెర్నియర్ తెచ్చి కొలిస్తే షెల్ 70.1. థాంక్స్ అందరికీ. బాల్స్ పాతవే వేయొచ్చా?

పానాబాబాయ్:
పాతవి వద్దు, కొత్తవి చవకే. పావు అంగుళం బాల్స్, పక్కకి 11. ముందు కప్పు లోపల గాడి చూడు, గుంటలు పడితే బాల్స్ మార్చినా లాభం లేదు. మరలకి గ్రీజు రాసి చాలా గట్టిగా బిగించు.

కొలతముఖ్యం:
గ్రీజు కాదు. మరలు వదులు కాకుండా పట్టే లాకింగ్ ద్రవం. పైన మీరే చెప్పారు కుడి కప్పు వదులవుతుందని.

పానాబాబాయ్:
గ్రీజు పెట్టి సరిగా బిగిస్తే వదులు కాదు. ఇలా బిగించినవి ఇంకా తిరుగుతున్నాయి.

కొండదారి:
ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. నా ఫ్రేములో అల్యూమినియం సీటు పోస్ట్ (సీటు కింది కడ్డీ) స్టీల్ గొట్టంలో పట్టేసింది, 27.2 మి.మీ. సైజు. ఐస్ పెట్టి చల్లబరిస్తే అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి వదులవుతుందంటారు. ఎవరైనా చేసి చూశారా?