బొబ్బిలి వీణను జర్మనీ తీసుకెళ్లడం ఎలా?

నమస్కారం అండీ. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. సంగీతశాస్త్రంలో మాస్టర్స్ చదవడానికి వచ్చే అక్టోబరులో జర్మనీ వెళ్తున్నాను. వీసా, బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చుల డబ్బు ముందే జమచేసే ఖాతా) లాంటివి కిందామీదా పడి చూసుకుంటున్నాను. నా టెన్షన్ అంతా వీణ గురించే.

అది అమ్మమ్మ వాయించిన ఏకాండి వీణ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో చేసింది, కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) అంతా ఒకే పనస మానులోంచి చెక్కారు. ఊడదీసి సర్దడం కుదరదు. క్యాబిన్‌లో పట్టదు కాబట్టి పక్క సీటు కొనాలా, గట్టి పెట్టెలో పెట్టి లగేజీలో వేయాలా? ఎవరైనా అలా పంపి ఉంటే పెట్టె ఎక్కడ చేయించారో చెప్పండి.

ఇంకో భయం ఉంది. కుండ మీద తెల్లటి నగిషీ ఉంది. పాత వీణలకు దంతం, జింక కొమ్ము వాడేవారు. దంతమైతే అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. అది ప్లాస్టిక్కో, కొమ్మో, దంతమో తేల్చి, కస్టమ్స్ వాళ్లు ఒప్పుకునే కాగితం ఎవరిస్తారు?

మెట్లు (స్వరాల కోసం తీగల కింద ఉండే లోహపు కడ్డీలు) మైనంలో కూర్చినవి. ఇక్కడి ఉక్కకు మైనం మెత్తబడితే మెట్లు సరిచేయడానికి మనిషి దొరుకుతాడు, అక్కడ ఎవరున్నారు? చలికాలంలో హీటర్ పెట్టిన గదుల్లో గాలి బాగా పొడిగా ఉండి చెక్క పగులుతుందంటున్నారు. హ్యూమిడిఫయర్ ఒక్కటే చాలుతుందా?

"ఇక్కడే వదిలేసి కీబోర్డు పట్టుకెళ్లు" అనే సలహా ఇంట్లో రోజూ వింటున్నాను, అదొక్కటీ వద్దు. యూరప్‌లో వీణ వాయిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.