వైద్య సేవ కార్డు ఉండగా అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ అవసరమా?

ప్రశ్న (కావలి):
నాన్నకు 62, ఎనిమిదేళ్లుగా షుగర్. అమ్మకు 57, ఏ జబ్బూ లేదు. రేషన్ కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ వస్తుంది. ఇంకా ప్రైవేటు పాలసీ ఎందుకు, దండగ అంటా ఉండారు ఇంట్లో. ఏజెంటేమో ఫారంలో షుగర్ రాయొద్దు, ప్రీమియం తగ్గుద్ది అంటాడు. ఏం చేయమంటారు?

జవాబు (ఒంగోలు):
ముందు ఆ ఏజెంటు మాట వినబాకండి. ఆస్పత్రిలో చేరగానే డ్యూటీ డాక్టరు షుగర్, బీపీ ఎన్నాళ్లుగా అని అడుగుతారు. నాన్న ఉన్నమాటే చెప్తారు, అది కేస్ షీట్లోకి ఎక్కుద్ది. క్లెయిమ్ చూసేవాళ్లు తెప్పించుకునేది ఆ కాగితాన్నే. దాచారని తేలితే క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీనే రద్దు చేయొచ్చు. రాస్తే ప్రీమియం కొంత పెరగొచ్చు, షుగర్‌తో ముడిపడిన జబ్బులకు కొంతకాలం ఆగాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆ గడువు 36 నెలలు దాటకూడదు. ప్రమాదాలకు మొదటిరోజు నుంచే వర్తిస్తుంది, మామూలు జబ్బులకు 30 రోజుల తర్వాత. శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడికి చాలా పాలసీల్లో రెండేళ్లు. రెన్యువల్ తప్పి పాలసీ పోతే ఈ లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఇద్దరినీ మీ ఫ్యామిలీ ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే మొత్తం ఉండే పాలసీ) కలపబాకండి. అందులో అందరికన్నా పెద్దవారి వయసును బట్టే ప్రీమియం వేస్తారు. వాళ్లకు విడిగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ లేదు.

జవాబు (నెల్లూరు):
వైద్య సేవను తక్కువ చేయొద్దు. గుండె ఆపరేషన్, కేన్సర్ లాంటివాటికి అది పెద్ద దిక్కు. పాత జబ్బని ఆపేది లేదు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో, అంటే ఆ పథకం కింద చూసే ఆస్పత్రిలో, ఆరోగ్యమిత్రను (రోగులకు సాయం చేసే పథకం ఉద్యోగి) కలిస్తే దారి చూపిస్తారు. కాకపోతే జబ్బు జాబితాలో ఉండాలి, ఆ ఆస్పత్రికి ఆ విభాగంలో అనుమతి ఉండాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా చేతి డబ్బే. ప్రైవేటు పాలసీ ఆదుకునేది అక్కడ.

పాలసీ ఎంచుకునేటప్పుడు ముందు గది అద్దె పరిమితి చూడండి. 5 లక్షల పాలసీలో రోజుకు 1 శాతం అంటే 5,000. మీరు 8,000 గదిలో నాలుగు రోజులున్నారనుకోండి. తేడా 12,000 అనుకుంటారు. కాదు. సర్జన్ ఫీజు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఛార్జీలు కూడా కోసి, ఎనిమిదికి అయిదు లెక్కనే ఇస్తారు. అవి 1,60,000 అయితే లక్షే ఇస్తారు. మొత్తం 72,000 మీ జేబులోంచి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత ఉండకూడదు. కోసుంటే అడగండి. అద్దె పరిమితి లేని పాలసీకి నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే నయం.

ప్రశ్న (కావలి):
చెన్నై తీసుకుపోతే ప్రైవేటు పాలసీ పనిచేస్తుందా అన్నా?

జవాబు (నెల్లూరు):
చేస్తుంది. కానీ కొన్ని పాలసీల్లో ఊరిని బట్టి జోన్లుంటాయి. కావలి అడ్రసు మీద తక్కువ ప్రీమియం కట్టి పెద్ద నగరంలో చేరితే బిల్లులో కొంత శాతం మనమే కట్టాలి. ఆ షరతు లేనిది చూసుకోండి. ముందే తెలిసిన ఆపరేషనైతే రెండు మూడు రోజుల ముందు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్కులో ప్రీ-ఆథ్ ఫారం (బిల్లు కంపెనీయే నేరుగా కట్టేలా ముందస్తు అనుమతి అడిగేది) ఇవ్వండి. నగదురహిత అనుమతిపై గంటలో, డిశ్చార్జి బిల్లుపై మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి.

జవాబు (ఒంగోలు):
పాలసీ కాగితం చేతికందాక 30 రోజుల్లో నచ్చకపోతే వాపసు చేయొచ్చు. ఆ లోపల అందులో నాన్న షుగర్ సంగతి పడిందో లేదో చూడండి. పడకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి రాయించండి.