రొమేనియన్ ‘ఓ ఫి’, మన ‘ఉంటాడు’

ప్రశ్న: బుకారెస్ట్ వచ్చి నాలుగు నెలలైంది, రొమేనియన్ నేర్చుకుంటున్నాను. ‘వస్తాను’ అనడానికి పుస్తకంలో ‘వోయ్ వెని’ అని ఉంది. మా ఇంటి ఓనరు గారేమో ఎప్పుడూ ‘ఓ స విన్’ అంటారు. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ సరైనవేనండీ. వార్తల్లో, ఒప్పంద పత్రాల్లో, పుస్తకాల్లో మొదటిది ఎక్కువ. అందులో ముందు మాట మనిషిని బట్టి మారుతుంది: వోయ్, వెయ్, వ, వొమ్, వెత్స్, వొర్. ‘వెని’ అలాగే ఉంటుంది. రోజువారీ మాటల్లో మాత్రం ‘ఓ స’దే రాజ్యం. ఇక్కడ ‘ఓ’ కదలదు, వెనకొచ్చే క్రియ మారుతుంది. ఓ స విన్ అంటే వస్తాను, ఓ స వీ అంటే వస్తావు, ఓ స విన అంటే వస్తాడు, వస్తుంది, వాళ్లు వస్తారు, అన్నీనూ. ‘స’లో అచ్చును నోరు సగమే తెరిచి పలకండి, మన ‘అ’ అంత విప్పకూడదు.

‘అమ్ స విన్’ అని మూడోది కూడా వింటారు. ‘అమ్’ అంటే ‘నాకు ఉంది’. ‘వోయ్’ వెనక ఉన్నది లాటిన్‌లో ‘కోరు’ అనే క్రియ. లాటిన్‌కు సొంత భవిష్యత్ ప్రత్యయాలు ఉండేవి, అవి రాలిపోయాయి. ఆ ఖాళీని ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ భాషలు ‘కలిగి ఉండు’ క్రియతో పూడ్చుకుంటే, రొమేనియన్ ప్రధానంగా ‘కోరు’ను తీసుకుంది. చుట్టుపక్కల గ్రీకు, బల్గేరియన్, అల్బేనియన్ కూడా ‘కోరు’తోనే భవిష్యత్తు చెబుతాయి. పుట్టిల్లు లాటినే అయినా ఈ విషయంలో ఇరుగుపొరుగు వైపే మొగ్గింది.

ప్రశ్న: మరి ‘ఓ ఫి’ అంటే? ‘ఫి’ అంటే ‘ఉండు’ కదా, ‘ఉండబోతాడు’ అనుకోవచ్చా?

జవాబు: ఇక్కడే జాగ్రత్తండీ. ఇది తెలియక నేను క్లూజ్ నగరంలో ఒక ఆఫీసు గుమ్మం దగ్గర గంటసేపు కూర్చున్నాను. ఒక సంతకం కావాలి, సార్ ఉన్నారా అని అడిగితే కాపలా ఆయన ‘ఓ ఫి సుస్’ అన్నాడు. ‘సుస్’ అంటే పైన. ఆ సార్ తర్వాత ఎప్పుడో పైకి వస్తారు కాబోలనుకుని ఆగాను. నిజానికి ఆయన చెప్పింది ‘పైన ఉంటారు, వెళ్లి చూడు’ అని. అది ఇప్పటి సంగతి మీద ఊహ. రాబోయేదైతే ‘ఓ స ఫియె సుస్’ అనేవాడు.

తెలుగువాళ్లకి ఇది అసలు కష్టం కాకూడదు. ‘రేపు ఇంట్లో ఉంటాడు’ భవిష్యత్తు, ‘ఈపాటికి ఇంట్లో ఉంటాడు’ ఊహ. మనం ఒకే రూపంతో రెండూ చెబుతాం, వాళ్లు రూపం కొంచెం మారుస్తారు. ఇంకా ముందుకెళ్తే పోలిక నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ‘ఓ ఫి ప్లెకాత్’ అంటే ‘వెళ్లిపోయి ఉంటాడు’. ‘ఓ ఫి దొర్మింద్’ అంటే ‘నిద్రపోతూ ఉంటాడు’. వెళ్లిపోయి, నిద్రపోతూ, వీటికి పక్కన ‘ఉండు’, దాని మీద భవిష్యత్ రూపం. మాటల వరుస తిరగబడుతుంది కానీ సరుకు అదే. ఎవరో తలుపు కొడితే ‘చినె ఓ ఫి?’ అంటారు. మన నోట్లోంచి అప్పుడు వచ్చే మాట కూడా ‘ఎవరై ఉంటారు?’ అనే కదా. పుస్తకాలు దీన్ని ఎక్కడో చివరి పాఠంలో పెడతాయి. నా మట్టుకు మొదటి నెలలోనే నేర్పాలంటాను, వీధిలో అంత తరచుగా వినిపిస్తుంది.

ఒక్క మాట. ‘ఓ వెని ఎల్’ లాంటివి పల్లె మాటల్లో ‘వస్తాడులే’ అని భవిష్యత్తుకీ వాడతారు. సందర్భం చూసుకోవాలి.

ప్రశ్న: ఇవేవీ లేకుండా ‘విన్ మియ్నె’ అనేస్తే?

జవాబు: హాయిగా అనండి. ‘మియ్నె’ అంటే రేపు, కాబట్టి వర్తమాన రూపం సరిపోతుంది. ఆ మాటలో మొదటి అచ్చు మనకు లేదు. పెదాలు గుండ్రంగా చుట్టకుండా ‘ఉ’ అనబోతే దగ్గరికొస్తుంది. ఈ ‘మియ్నె’ లాటిన్ ‘మానె’ నుంచి వచ్చింది, దానర్థం ‘ఉదయాన’. మన ‘రేపు’కి పాత అర్థం కూడా తెల్లవారుజామే, ‘రేపకడ’లో ఇంకా కనబడుతుంది.