బాడుగింట్లో గబ్బిలాలు, ఓనరేమో శాంతి చేయించుకోమంటున్నాడు

మూలపేట_అమ్మాయి:
మాది నెల్లూరు. మార్చిలో ఒక పాత మిద్దెలోకి బాడుగకి దిగాం, రెండు గదులు, వంటిల్లు, వెనక వసారాకి మాత్రం పెంకులు. బాడుగ తక్కువని నేనే పట్టుబట్టి తీసుకున్నా, అందుకే ఇప్పుడు మా ఆయన్ని ఏమీ అనలేకపోతున్నా. దిగిన వారానికే వసారా గోడ వారగా పొద్దున్నే నల్లగా, బియ్యపుగింజంత రెట్టలు. ఎలకలనుకుని బోను పెట్టాం, ఒక్కటి పడితే ఒట్టు. ఒకరోజు సాయంత్రం కరెంటు పోతే పెరట్లో మంచం వేసుకుని కూర్చున్నాం, అప్పుడు చూశాం, చూరు కింద నుంచి ఒకటి, రెండు, అలా వరసపెట్టి వస్తూనే ఉన్నాయి. మా చిన్నోడు 43 దాకా లెక్కపెట్టి నిద్రపోయాడు.

ఓనర్ పెద్దాయన, మంచోడే. చెబితే "గబ్బిలం చేరడం అరిష్టం, శాంతి చేయించుకోండమ్మా" అన్నాడు. ఆ ఖర్చు కూడా మాదేనంట! గట్టిగా అడిగితే ఒక బేల్దారిని పంపాడు, ఆయన మధ్యాహ్నం పూట వచ్చి కనిపించిన సందులన్నిటికీ సిమెంటు మెత్తి పోయాడు. ఆ రాత్రి మా తిప్పలు చూడాలి. లోపల ఇరుక్కున్నవి వేరే దారి లేక దూలం పక్క సందులోంచి గదిలోకి దిగి ఫ్యాను చుట్టూ తిరుగుతుంటే, అత్తయ్య దుప్పటి ముసుగేసుకుని ఆంజనేయస్వామిని తలుచుకుంటా కూర్చుంది. మూడో రోజుకి కుళ్ళు వాసన. చివరికి మా ఆయనే ఆ సిమెంటు ఒకచోట పగలగొట్టాడు.

అత్తయ్యకి ఆయాసం ఉంది, ఆ రెట్టల వల్ల ప్రమాదమా? నిపా గురించి విన్నప్పటి నుంచి అదొక టెన్షన్. కలరా ఉండలు వేస్తే పోతాయా? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఖాళీ చేద్దామంటే పిల్లల బడి మధ్యలో ఉంది.

కందుకూరు_బాబాయ్:
కలరా ఉండలు దండగ తల్లీ. నిప్పుల మీద నాలుగు ఎండు మిరపకాయలు వేసి వసారాలో పొగ పెట్టు, ఇల్లొదిలి పోతాయి. మా ఊళ్ళో అందరూ చేసేదే.

ఒంగోలు_మాస్టారు:
బాబాయ్ గారూ, ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో మిరపకాయల పొగా? గబ్బిలాలకంటే ముందు ఆమె ఆసుపత్రికి పోతుంది. పైగా పొగకి అవి బయటికే పోవాలని లేదు, మొన్నటిలాగే గదిలోకి దిగొచ్చు.

అమ్మా, నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యాను, తెలిసింది చెబుతా. మీ ఇంట్లోవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు వార్తల్లో వచ్చినవి పండ్లు తినే పెద్దవి, మర్రిచెట్లకీ చింతచెట్లకీ గుంపులుగా వేలాడేవి. అవి చూరు సందుల్లో దూరవు. మీవి రాత్రంతా దోమలూ వరిచేల మీద పురుగులూ పట్టుకుని తింటాయి. నమ్మకం లేకపోతే ఒక రెట్టని కాగితం మీద పుల్లతో నలిపి చూడండి, పొడిపొడిగా రాలిపోయి, పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమంటాయి. ఎలక పెంటిక అలా రాలదు, గట్టిగా ఉంటుంది. బల్లిదైతే కొసన తెల్లగా ఉంటుంది.

అలాగని రెట్టని తేలిగ్గా తీసుకోవద్దు. ఎండిన రెట్ట పోగుపడిన చోట బూజు పెరుగుతుంది, పొడి చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేయొచ్చు. ముందు నీళ్ళలో బ్లీచింగ్ కలిపి తడపండి, కాసేపు నాననిచ్చి, ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని ఎత్తి కవర్లో మూట కట్టి పారేయండి. ఆ పని అత్తయ్యగారు ఇంట్లో లేనప్పుడు పెట్టుకోండి. గదిలోకి వచ్చిన గబ్బిలాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకండి, ఫ్యాను కట్టేసి, లైటు ఆర్పి, కిటికీ తెరిస్తే దానంతటదే పోతుంది. పొరపాటున కరిస్తే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కావలి_చిన్నోడు:
అక్కా, మాకూ ఇదే గొడవ, మా తాతల నాటి పెంకుటింట్లో. మేస్త్రి చేసిన తప్పేందంటే, అవి లోపలున్నప్పుడు మూశాడు. మేం చేసింది చెప్తా.

రెండు రోజులు పొద్దుగూకే వేళకి ఇంటికి ఆ పక్కొకరు ఈ పక్కొకరు నిలబడి ఏ సందులోంచి వస్తున్నాయో చూడండి. అవి వాడే సందు అంచున గోడ జిడ్డుగా గోధుమరంగులో మరకపడి ఉంటుంది, దాన్ని బట్టి పగలు కూడా గుర్తుపట్టొచ్చు. ఆ ఒక్కటీ వదిలి మిగతా సందులన్నీ మూయించండి, చిటికెన వేలు దూరే సందైనా వదలొద్దు, వాటికి అది చాలు. గదిలోకి దిగిన దూలం పక్క సందు అన్నిటికంటే ముందు. వదిలిన సందు మీద ప్లాస్టిక్ మెష్‌ని తెరలాగా వేలాడదీసి, పైనా రెండు పక్కలా గోడకి బిగించి, కింద మాత్రం వదిలేయాలి, సందు కంటే ఒక రెండడుగులు కిందికి రావాలి. లోపలివి పాకుతూ కిందికొచ్చి ఎగిరిపోతాయి, తిరిగొచ్చినప్పుడు నేరుగా సందు దగ్గరికే వచ్చి మెష్‌కి కొట్టుకుంటాయి గానీ కింద నుంచి దూరాలని వాటికి తట్టదు. మెష్ కళ్ళు పెద్దవైతే ఇరుక్కుని చస్తాయి, చూసి కొనండి. వారం ఉంచాం, ఆఖరి రెండు రాత్రులు ఒక్కటీ రాలేదు, అప్పుడు మాలు పెట్టి మూసేశాం. మెష్‌కీ మేకులకీ అయింది వెయ్యి లోపే, మేస్త్రి కూలి వేరే.

అన్నట్టు మా ఇంటికొకాయన వచ్చి, ఉబ్బసానికి గబ్బిలం మాంసం మందంట, పట్టుకుపోతానన్నాడు. మా నాయన గేటు కూడా తీయలేదు. మీ అత్తయ్యకి ఆయాసమని తెలిస్తే మీకూ ఎవరో ఒకరు ఆ సలహా ఇస్తారు, వినొద్దు.

ఒంగోలు_మాస్టారు:
చిన్నోడు చెప్పిన పద్ధతే సరైంది. ఒకటి కలుపుతా. మెష్ కట్టే ముందు లోపల పిల్లలున్నాయేమో చూసుకోవాలి. పెద్దవన్నీ వెళ్ళాక, రాత్రి ఎనిమిదింటప్పుడు ఆ సందు కింద చెవి పెట్టి వినండి, సన్నగా కిచకిచలు వినిపిస్తే ఎగరలేని పిల్లలున్నట్టే. అప్పుడు ఒక నెలా నెలన్నర ఆగండి. తల్లులు బయట, పిల్లలు లోపల ఉండిపోతే మళ్ళీ అదే వాసన.

గూడూరు_ప్లీడరు:
ఖర్చు సంగతి. అగ్రిమెంటులో రిపేర్లు ఎవరివని రాసుందో ముందు అది చూడండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనర్ చేయించాల్సిన రిపేరుని చెప్పాక కూడా సరైన టైములో చేయించకపోతే, బాడుగకున్నవాళ్ళు చేయించుకుని ఆ డబ్బు బాడుగలో కోసుకోవచ్చు. "ఓనర్ చేయించాల్సిన" అన్న మాట దగ్గరే పేచీ వస్తుంది, కాబట్టి నోటితో కాకుండా వాట్సాప్‌లో ఫోటోలతో పంపండి, ఆయన జవాబు కూడా రాతలో ఉండనీయండి. వెయ్యి రూపాయల పనికి కోర్టు దాకా పోయేవాళ్ళని నేను చూశాను, మీరు పోకండి.

మూలపేట_అమ్మాయి:
అందరికీ థాంక్స్. మూడు రాత్రులు చెవి పెట్టి విన్నాం, కిచకిచలు లేవు. పోయిన ఆదివారం మెష్ కట్టాం. మొదటి రాత్రి ముప్పై దాకా బయటికొచ్చాయి, తెల్లారుజామున వచ్చి మెష్ చుట్టూ తిరుగుతుంటే పాపం అనిపించింది. నిన్న రెండు, ఇవాళ ఒక్కటీ లేదు. ఇంకో రెండు రోజులు చూసి మూయిస్తాం. వాట్సాప్‌లో ఫోటోలు పంపాక ఓనర్ మేస్త్రి కూలి తానిస్తానన్నాడు, మెష్ డబ్బులు మాత్రం మావే. శాంతి సంగతి మళ్ళీ ఎత్తలేదు గానీ, అత్తయ్య తన తృప్తికి శనివారం గుళ్ళో ఆకుపూజ చేయించుకుంది. అవి ఇప్పుడు ఎదురింటి చూరు కింద చేరాయని మా చిన్నోడు అంటున్నాడు, వాళ్ళకి ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.