స్వరపేటికకే పరిమితమైన అమిలాయిడ్ నిక్షేపాలు ఎందుకు ఏర్పడతాయి?

నమస్కారం. మా అక్కగారికి చాలాకాలంగా గొంతు బొంగురుగా ఉండగా, మిథ్యా స్వరతంత్రి (అసలు స్వరతంత్రికి పైనుండే మడత) నుంచి తీసిన చిన్న ముక్కను కాంగో రెడ్ రంగుతో పరీక్షించారు. ధ్రువీకృత కాంతిలో ఆకుపచ్చని మెరుపు కనిపించిందనీ, కనుక అది అమిలాయిడ్ (తప్పుగా మడతపడి కణజాలంలో పేరుకునే ప్రోటీన్ పోగులు) అనీ నివేదిక వచ్చింది. రక్త, మూత్ర పరీక్షల్లో తేడా ఏమీ లేనందున ఇది స్వరపేటికకే పరిమితమని వైద్యులు చెప్పారు. చికిత్స సంగతి అర్థమైంది. నా సందేహమంతా దాని పుట్టుక గురించే.

నేను చదివినంతలో, ఇటువంటి నిక్షేపాల్లో ప్రధానంగా ఉండేవి యాంటీబాడీల తేలిక గొలుసులు, అంటే కప్పా లేదా లాంబ్డా రకానికి చెందిన ప్రోటీన్ ముక్కలు. వాటితోపాటు సీరం అమిలాయిడ్ పి అనే ప్రోటీను, గ్లైకోసమినోగ్లైకాన్లు అనే పొడవాటి చక్కెర గొలుసులు కూడా కలిసి ఉంటాయి. శరీరమంతటా వ్యాపించే రకంలో ఈ గొలుసులు ఎముక మజ్జలో తయారై రక్తం ద్వారా అవయవాలకు చేరుతాయి గాని, ఇక్కడ శ్లేష్మపొర కిందనే చేరిన ప్లాస్మా కణాలు (యాంటీబాడీలను తయారుచేసే కణాలు) వాటిని అక్కడికక్కడే తయారుచేస్తాయని భావిస్తున్నారు. అలాగైతే, ఆ కణాలు ఒకే క్లోన్‌కు (ఒకే కణం నుంచి పుట్టిన సంతతికి) చెందినవైనప్పటికీ మైలోమాగా, అంటే ప్లాస్మా కణాల క్యాన్సర్‌గా, మారడం ఎందుకంత అరుదు? వాటిని అక్కడికి రప్పించేది దీర్ఘకాలిక వాపేనా? గొంతును అతిగా వాడడమే కారణమని బంధువులు తేల్చేశారు. నాకు మాత్రం అది నమ్మశక్యంగా లేదు.

మరొక విషయం: నివేదికలో అమిలాయిడ్ రకం రాయలేదు. అపోలిపోప్రోటీన్ ఎ-1 (రక్తంలో కొవ్వును మోసే ఒక ప్రోటీన్) జన్యుమార్పు వల్ల వచ్చే వంశపారంపర్య రకం కూడా స్వరపేటికలో కనిపించగలదు కాబట్టి, అదే ముక్కను మాస్ స్పెక్ట్రోమెట్రీకి (అందులోని ప్రోటీన్ ఏదో గుర్తించే పరీక్షకు) పంపమని కోరడం సమంజసమేనా? పాథాలజీ తెలిసినవారు దయచేసి వివరించగలరు.