సంఘ పత్రికలో పరిశోధన గురించి వేసేటప్పుడు మూలం ఇవ్వాలా?

సంపాదకుడు, బ్రాడీపేట, గుంటూరు
మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున నెలకొకసారి నాలుగు పేజీల పత్రిక తెస్తున్నాము. చదివేవారిలో ఎక్కువమంది విశ్రాంత ఉద్యోగులు. గత సంచికలో "రోజూ కారం తినేవారి ఆయుష్షు 14 శాతం పెరుగుతుందని పరిశోధనలో తేలింది" అని చిన్న అంశం వేశాము. మిర్చి యార్డు ఉన్న ఊరు కనుక అందరూ ఇష్టంగా చదివారు. ఇద్దరు సభ్యులు మాత్రం ఆ పరిశోధన ఎవరిదో, ఎక్కడ అచ్చయిందో చెప్పకుండా వేయడం తప్పని అభ్యంతరం తెలిపారు. నేను అంగీకరించలేకపోతున్నాను. ఇంగ్లీషు పత్రిక పేరు, సంపుటి, పుట సంఖ్య ఇచ్చినా మావాళ్లెవరూ వెతికి చూడరు. ఆ చోటులో కుళాయి నీళ్లు వదిలే వేళలు వేస్తే పదిమందికి పనికొస్తాయి.

విశ్రాంత అధ్యాపకురాలు, మొగల్రాజపురం, విజయవాడ
సంపాదకులు గారికి నమస్కారం. ఆ అధ్యయనాన్ని నేను చదివాను. అది 2015లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. చైనాలోని పది ప్రాంతాల్లో 30 నుంచి 79 ఏళ్ల వయసున్న 4,87,375 మందిని సుమారు 7 ఏళ్లపాటు గమనించి, వారానికి ఒకసారి కూడా కారం తిననివారితో పోలిస్తే వారంలో ఆరేడు రోజులు తినేవారిలో మరణించే ముప్పు 14 శాతం తక్కువగా ఉందని అందులో రాశారు. ముప్పు తగ్గడమూ ఆయుష్షు పెరగడమూ ఒకటి కావు. మీ వాక్యం చదివినవారు, డెబ్బై ఏళ్లు బతకవలసిన మనిషి ఎనభై ఏళ్లు బతుకుతాడని లెక్క కట్టుకుంటారు. కారం వల్లనే ముప్పు తగ్గిందని ఆ పరిశోధకులు కూడా అనలేదు.

అన్నిటికంటే నన్ను బాధించినది మరొకటి. అధ్యయనం మొదలయ్యే నాటికే గుండె జబ్బు, పక్షవాతం, క్యాన్సర్ ఉన్నవారిని ఆ లెక్కలోంచి తీసేశారు. మీ పాఠకుల్లో గుండె జబ్బుకు మందులు వాడుతున్నవారు ఎందరో ఉంటారు. ఆ ఫలితం వారిని ఉద్దేశించినదే కాదు. మూలం రాయాలన్న నియమం మీకు ఉండి ఉంటే, రాసేందుకైనా ఆ వ్యాసం తెరిచేవారు, తెరిస్తే ఈ సంగతి సారాంశంలోనే కనిపించేది. అందుకే మూలం ఇవ్వడం వల్ల మొదటి ప్రయోజనం పాఠకుడికి కాదు, రాసేవారికి అంటాను.

సంపుటి, పుట సంఖ్య వద్దంటే వదిలేయండి. ఎవరిని, ఎందరిని, ఏ దేశంలో, ఏ సంవత్సరంలో పరిశీలించారో ఒక్క వాక్యంలో చెప్పి పత్రిక పేరు చేర్చండి. ఇంగ్లీషు మాటలను మీరే తెలుగు చేసినప్పుడు వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకండి. అవి మీ మాటలు, పరిశోధకులవి కావు.

మందుల దుకాణదారు, అరండల్‌పేట
మేడమ్ గారూ, పెద్ద పత్రిక పేరు వేస్తే తప్పుకు మరింత బలం వస్తుందని నా భయం. కరోనా రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇవ్వడంపై లాన్సెట్ వైద్య పత్రిక 2020 మే 22న ప్రచురించిన వ్యాసాన్ని జూన్ 4నే వెనక్కి తీసుకున్నారు. మన నెలవారీ పత్రికలో అది అచ్చుకు వెళ్లి ఉంటే పంచేలోపే చెల్లని మాట అయ్యేది. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని అదే లాన్సెట్ 2010లో గాని వెనక్కి తీసుకోలేదు. అందులో పరిశీలించినది 12 మంది పిల్లలను మాత్రమే. డాక్టరు ఎవరైనా చదివి సరేనంటే తప్ప ఆరోగ్య పరిశోధనలు అసలు వేయకపోవడమే మేలు.

విశ్రాంత అధ్యాపకురాలు
డాక్టరు చేత చదివించడం మంచి సూచన, కాదనను. అయితే ఆ రెండు వ్యాసాలూ ఫలానావని అందరికీ తెలుసు కనుకనే వాటిని వెనక్కి తీసుకున్న సంగతీ మనకు తెలిసింది. "పరిశోధనలో తేలింది" అని మాత్రమే వేసి ఉంటే, ఏది చెల్లకుండా పోయిందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

సంపాదకుడు
గుండె జబ్బు ఉన్నవారిని తీసేశారన్న సంగతి నాకు తెలియదు. ఆ అంశం నాకు వాట్సాప్‌లో వచ్చింది, వచ్చినట్టే వేశాను. వచ్చే సంచికలో అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేస్తాను. పుట సంఖ్యల విషయంలో నా అభిప్రాయం మారలేదు. మేడమ్ గారు చెప్పిన ఒక్క వాక్యానికి మాత్రం చోటు కేటాయిస్తాను. సవరణను అచ్చుకు ఇచ్చే ముందు ఇక్కడే పెడతాను, దయచేసి మీరిద్దరూ చూడండి.